60 ఫ్లాట్లలో 22కి తాళాలు, మాకేమో ఇల్లు అందట్లేదు. కొనాలా, ఆగాలా?

బాచుపల్లి_అద్దెకాపు రాసినది:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

నేను బొల్లారం వైపు ఒక ఫార్మా కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేస్తాను. మా ఆవిడ స్టాఫ్ నర్సు. ఇద్దరిదీ కలిపి చేతికొచ్చేది 92 వేలు. పాప రెండో తరగతి. బాచుపల్లిలో స్టిల్ట్ ప్లస్ ఫైవ్ అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో ఉంటున్నాం. అద్దె 19,500, మెయింటెనెన్స్ వేరే. ఓనరు న్యూజెర్సీలో ఉంటాడు, ఇక్కడ వ్యవహారమంతా ఆయన బామ్మర్దిది. పోయిన వారం ఆ బామ్మర్ది వచ్చి, "బావ అమ్మేస్తానంటున్నాడు, బయట పెట్టేముందు మీకే చెప్తున్నా" అన్నాడు. 1,240 అడుగులు, అడుగు 6,400. అంటే 79 లక్షల 36 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చులు దానిమీద.

బ్యాంకు 62 లక్షల దాకా ఇస్తుందట. ఎనిమిదిన్నర వడ్డీకి ఇరవై ఏళ్లు అంటే నెలకు 53,800. జీతాల్లో సగం కంటే ఎక్కువ. స్కూలు ఫీజు, సూర్యాపేటలో అమ్మ మందులు పోను మిగిలేది చెప్పుకుంటే సిగ్గు.

ఇంకో లెక్క వేసి చూశాను. నేను కట్టే అద్దె ఏడాదికి 2 లక్షల 34 వేలు. 79 లక్షల మీద అది మూడు శాతం కూడా కాదు. ఎనిమిదిన్నరకు అప్పు దొరికే ఊళ్లో మూడు శాతం అద్దె కోసం ఎవడూ ఫ్లాట్ కొనడు కదా? అంటే ఆ రేటులో సగానికి పైగా ఇంటి విలువ కాదు, రేపు పెరుగుతుందన్న ఆశ. వాళ్ల ఆశకు నేను ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టాలి.

ఎవరూ లేని ఫ్లాట్లు మా బిల్డింగ్‌లోనే ఉన్నాయి. మొత్తం 60, వాటిలో 22కి తాళాలు. సెక్రటరీగారికి లెక్కలు రాయడంలో సాయం చేస్తుంటాను కాబట్టి నాకు తెలుసు. వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకుంటే, ఆ 22 ఫ్లాట్ల వాళ్లు ట్యాంకర్ డబ్బులు కట్టం అంటారు. "మేం ఉండట్లేదు, నీళ్లు వాడట్లేదు" అని. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ లిఫ్టు బాగు చేయించాలన్నా, బోరు లోతు చేయించాలన్నా వాళ్ల ఓటు కావాలి, ఒక్కరూ మీటింగుకి రారు. వాట్సాప్ గ్రూపులో మాత్రం పక్క వెంచర్ రేటు ఎంతకెళ్లిందో పెడుతుంటారు. అద్దెకు ఎందుకివ్వరని ఒకాయన్ని అడిగాను. "ఒక్కరోజు కూడా ఎవరూ ఉండని ఫ్లాట్ అంటే కొనేవాడు రెండు లక్షలు ఎక్కువిస్తాడమ్మా" అన్నాడు.

2022లో ప్రభుత్వం అమ్మిన పోచారం రాజీవ్ స్వగృహ ఫ్లాట్లకి లాటరీ వేశాం. అడుగు 2,500. రాలేదు. చౌటుప్పల్ దగ్గర 2015లో కొన్న ఖాళీ ఇంటి స్థలం, ప్లాటొకటి ఉంది, అది పాప కోసం, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు నా ప్రశ్న. కొనాలా? రేట్లు తగ్గేదాకా అద్దెలో ఉండాలా? అసలు తగ్గుతాయా? ఉండేవాడికి ఇల్లు దొరక్కుండా చేసే ఈ వ్యవహారం ఎక్కడ మొదలైందో ఎవరైనా చెప్పగలరా?

---

గచ్చిబౌలి_గురు:

బ్రో, 2014లో రాష్ట్రం విడిపోతే రేట్లు పడిపోతాయని ఇలాగే ఆగినవాళ్లు ఇప్పటికీ ఆగే ఉన్నారు. కొనెయ్. ఈఎంఐ మొదటి మూడేళ్లే బరువు, తర్వాత జీతం పెరుగుతుంది.

---

నిజాంపేట_బిల్డరు:

గురుగారూ, జీతం పెరగడం మన చేతిలో ఉందా అండి? ఆయన చేసేది ఫార్మా ల్యాబ్‌లో, మీలా సాఫ్ట్‌వేర్ కాదు.

నేను చిన్న బిల్డర్నండి. మాది భీమవరం, నిజాంపేట, ప్రగతినగర్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కడుతుంటాను. మీరు అడిగిన చివరి ప్రశ్నకి నాకు తెలిసినంత చెప్తాను. బిల్డర్లందర్నీ దొంగలనుకునేవాళ్లు ఎలాగూ నమ్మరు, సరే.

వెయ్యి గజాల స్థలం డెవలప్‌మెంట్‌కి తీసుకున్నాననుకోండి. స్థలం ఆసామికి సగం, నాకు సగం. మొత్తం బిల్డింగ్ నేనే కట్టాలి, ఇప్పుడు అడుగుకి 2,300 అవుతోంది. కానీ అమ్ముకునేది సగమే కాబట్టి నా చేతికొచ్చే ఒక్కో అడుగు మీద పడే ఖర్చు 4,600. దాని మీద పర్మిషన్లు, ఆసామికి వాటా కాక పైన ఇచ్చే గుడ్‌విల్ డబ్బు, వడ్డీలు, ఏజెంటు కమీషను. 2019 ఏప్రిల్ నుంచి సిమెంటు, స్టీలు మీద కట్టిన జీఎస్టీ కూడా మాకు వెనక్కి రాదు. ఇవన్నీ వేసుకుని 6,400కి అమ్మితే మిగిలేది మీరనుకున్నంత కాదండి.

మీ 22 తాళాల సంగతి. ఒకసారి కనుక్కోండి, వాటిలో కొన్ని తప్పకుండా స్థలం ఆసామి వాటా అయ్యుంటాయి. ఆయనకి పది పదిహేను ఫ్లాట్లు ఒక్కసారే చేతికొస్తాయి. అమ్మితే పన్ను, అద్దెకిస్తే గొడవలు. కొడుక్కి నాలుగు, కూతురికి నాలుగు అని పంచి తాళం వేసేస్తాడు. ఆయనకు అప్పు లేదు, తొందరా లేదు. తొందర లేనివాడి దగ్గర రేటు తగ్గదు.

ఇంకోటి. బ్యాంకులు బిల్డరుకి స్థలం కొనడానికి అప్పివ్వవు. మరి మొదటి డబ్బు ఎవరిస్తారు? పునాది తీయకముందే డబ్బు పెట్టేవాడు ఇన్వెస్టరే. మీలాంటివాళ్లు స్లాబులు పడ్డాకే వస్తారు, అందులో తప్పు లేదు, బ్యాంకు అప్పుడే ఇస్తుంది. రెరా (ఇళ్ల ప్రాజెక్టుల మీద చట్టం) వచ్చాక రిజిస్టర్ చేయకుండా ముందే అమ్మడం చట్టవిరుద్ధం, నేను చేయను. చేసేవాళ్లు ఇంకా ఉన్నారు, యూడీఎస్ (నేలలో విడదీయని వాటా) అని వేరే పేరు పెట్టుకుని.

ఇక మొదలెక్కడంటారా? 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. గజం 2 లక్షల పైమాటే. అమ్మింది హెచ్‌ఎండీఏ, అంటే ప్రభుత్వమే. ఆ వారంలోనే ఇక్కడ నిజాంపేటలో నేను మాట్లాడుకుంటున్న ఆసామి సగం వాటా చాలదు, అరవై శాతం కావాలన్నాడు. కోకాపేటకీ మాకూ సంబంధమేంటండీ అంటే, "పేపర్లో పడింది కదా" అన్నాడు. ముంబైలాగా మనకి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు కూడా లేదు, 2006లోనే తీసేశారు. ఎన్ని అంతస్తులకైనా దారి ఉంటే ఇళ్లు చవకవ్వాలి కదా. అవ్వలేదు. ఎక్కువ అంతస్తులు వేయొచ్చని తెలియగానే ఆ లాభమంతా నేల రేటులోకి పోయింది.

పోచారంలో 2,500కి ఎలా ఇచ్చారంటే నేల సర్కారుది, కట్టి పదేళ్లకు పైగా పాడుపెట్టిన ఫ్లాట్లవి. ఆ రేటు నాతో పోల్చకండి.

---

సర్రే_బేస్‌మెంట్:

కెనడా నుంచి రాస్తున్నాను. బిల్డర్‌గారు నేల గురించి చెప్పారు, నేను తాళాల గురించి చెప్తాను. ఎందుకంటే అలాంటి తాళం ఒకటి నాదే.

2017లో మణికొండలో ఫ్లాట్ కొన్నాను. అద్దెకిచ్చాను. ఒకతను ఎనిమిది నెలలు అద్దె ఎగ్గొట్టి, గీజర్ కూడా ఊడదీసుకుని పోయాడు. నాన్నగారు విజయవాడ నుంచి తిరగలేరు. అప్పట్నుంచి తాళమే. నాకు దాని వల్ల నష్టమేమీ లేదు, అదే అసలు సమస్య. మన ఆదాయపు పన్నులో రెండిళ్ల వరకు సొంతానికి ఉంచుకున్నట్టు చూపిస్తే వాటి మీద అద్దె ఆదాయం సున్నా కింద లెక్క. ఆస్తి పన్ను ఏడాదికి ఎంతని, ఇక్కడ రెండుసార్లు బయట తింటే అయిపోయేంత. రేటు మాత్రం పెరుగుతోంది. తాళం తీయడానికి నాకు కారణమేదీ?

ఇక్కడ నేను సర్రేలో ఒకరి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాను. పక్కనే వాంకూవర్ నగరం 2017 నుంచి ఖాళీ ఇళ్ల మీద పన్ను వేస్తోంది. మొదట ఇంటి విలువలో 1 శాతం, తర్వాత 3 శాతం చేశారు. మా ప్రావిన్స్‌ది ఇంకో పన్ను 2018 నుంచి. ఓనరు ఏటా రాసివ్వాలి, ఇంట్లో ఎవరున్నారో. రాసివ్వకపోతే ఖాళీగా ఉన్నట్టే లెక్క. 2023 జనవరి నుంచి విదేశీయులు ఇళ్లు కొనకూడదని దేశం మొత్తానికి నిషేధం కూడా పెట్టారు. వర్క్ పర్మిట్ ఉన్నవాళ్లకి కొంత మినహాయింపు ఉంది, కాబట్టి నేను కొనుక్కోవచ్చు. డబ్బే లేదు!

పని చేసిందా అంటే, కొన్ని తాళాలు ఊడాయి, ఆ ఇళ్లు అద్దెకొచ్చాయి. రేట్లు మాత్రం మామూలు జీతగాడికి అందేంత కిందకి రాలేదు. అయినా హైదరాబాద్‌లో అలాంటి పన్ను పడితే నేను మణికొండ ఫ్లాట్‌ని నెల తిరక్కుండా అద్దెకిస్తాను. ఇప్పుడైతే ఇవ్వను. తిట్టేవాళ్లు తిట్టండి.

పోస్టు పెట్టిన అన్నకి ఒక మాట. మీ ఓనరు ఎన్నారై కదా, మామూలు కొనుగోలులో అమ్మేవాడి డబ్బులోంచి కొనేవాడు కోసి పన్నుగా కట్టే 1 శాతం టీడీఎస్ ఇక్కడ పనికిరాదు. ఎన్నారై దగ్గర కొంటే కోసే శాతం, పద్ధతి అన్నీ వేరే. కోయకపోతే ఆ బాధ్యత కొన్నవాడి మీద పడుతుంది. ముందు సీఏని కలవండి.

---

బాచుపల్లి_అద్దెకాపు:

బిల్డర్‌గారూ, కనుక్కున్నాను. 22లో 11 స్థలం ఆసామి కుటుంబానివేనట. మీరన్నట్టే కొడుక్కి, కూతుళ్లకి పంచారు.

సర్రే అన్నా, మీ మీద కోపం రావాలి గానీ రావట్లేదు. గీజర్ సంగతి చదివి నవ్వొచ్చింది, క్షమించండి.

---

జనాభా_లెక్కలు:

ఒక్క విషయం చెప్పి వెళ్తాను. 2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో ఖాళీ ఇళ్లు 1 కోటి 10 లక్షలకు పైగా తేలాయి. 2012లో కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో ఇళ్ల కొరత 1 కోటి 88 లక్షలు అని తేల్చింది. రెండూ పక్కపక్కన పెట్టి "తాళాలు తీస్తే చాలు" అనేస్తుంటారు. అంత తేలిక కాదు. ఆ కొరతలో 95 శాతానికి పైగా అల్పాదాయ వర్గాలదే. అందులోనూ ఎక్కువమంది రోడ్డు మీద ఉన్నవాళ్లు కాదు, ఒకే గదిలో రెండు మూడు జంటలు సర్దుకుంటున్నవాళ్లు. ఖాళీగా ఉన్నది 1,240 అడుగుల ఫ్లాటు, వాళ్లకి కావలసింది నెలకు ఐదారు వేల అద్దెలో రెండు గదులు. జీఎస్టీలో "అందుబాటు ఇల్లు" అంటే 45 లక్షల లోపు, హైదరాబాద్ లాంటి నగరంలో 60 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా (గోడల లోపలి జాగా). అలాంటి ఇంటికి పన్ను 1 శాతమే. బిల్డర్‌గారూ, నిజాంపేటలో అలాంటివి ఎన్ని కట్టారు?

---

నిజాంపేట_బిల్డరు:

ఒక్కటీ లేదండి. పైన చెప్పిన 4,600 లెక్క మళ్లీ చూడండి.

---

దస్తావేజు_పెద్దన్న:

తమ్మీ, నేను దస్తావేజులు రాసేటోణ్ణి, సంగారెడ్డి దిక్కు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముంగట రేకుల షెడ్డు. 98ల కంప్యూటర్లు రాకముందు నుంచి, స్టాంపు కాగితం మీద చేత్తోని రాసిన కాలం నుంచి ఇదే పని.

అందరు రాసింది చదివిన. నీ పోస్టు రెండు సార్లు చదివిన. ఫ్లాటు ఓనర్ల గురించి ఇంత పొడుగు రాసి, చౌటుప్పల్ ప్లాటు సంగతి ఒక్క లైన్ల దాటేసినవ్. లెక్కలకు తీసుకోవద్దన్నవ్. నేనైతే దాన్నే తీసుకుంట.

ఒక ప్లాటు ముచ్చట చెప్త. శంకర్‌పల్లి రోడ్డుకెల్లి లోపటికి ఒక వెంచర్ ఉన్నది. 200 గజాల ప్లాటు. మొదటి దస్తావేజు 2006ల నేనే రాసిన, కొన్నది ఆర్టీసీ కండక్టర్. బిడ్డ పెండ్లికి అమ్మిండు, ఒక సర్కారు బడి టీచరమ్మ కొన్నది. ఆమె ఇంకో సాఫ్ట్‌వేర్ పిలగానికి అమ్మింది. ఆ పిలగాడు అమెరికాల ఉన్న ఒకామెకు అమ్మిండు. నాలుగు దస్తావేజులు, నాలుగూ నా చేతివే. ప్రతిదాంట్ల "తూర్పు: 30 ఫీట్ల రోడ్డు" అని రాసిన. మొన్న అటు దిక్కు పోతే సూసిన, ఆడ రోడ్డు లేదు, సర్కారు తుమ్మలు ఉన్నయి. ఇన్నేండ్లల్ల ఒక్కలు గూడ ఆడ ఇటుక పెట్టలే. హద్దులు మారలే, రేటు ఒక్కటే మారింది.

ఆ భూమి అమ్మిన రైతు కొడుకు పోయినేడు నా దగ్గరికి వచ్చిండు. అదే ఊర్ల ఇల్లు కట్టుకుందామని వంద గజాలు చూస్తున్నడట. బేరం కుదరలే. వాళ్ల నాయిన ఎకరాలకు ఎకరాలు అమ్మిన కాడ వాడు వంద గజాలు కొనలేకపోయిండు. గిది ఎవలు జేసిన్రు? కండక్టరా? టీచరమ్మా? ఇద్దరు మంచోళ్లే. పింఛను రాదని ఒకలు, బిడ్డ పెండ్లికని ఒకలు.

2020ల ఎల్‌ఆర్‌ఎస్, అంటే మంజూరు లేని ప్లాట్లకు ఫీజు కట్టించుకొని మంజూరు ఇచ్చే స్కీము పెడితే వెయ్యి రూపాయలు కట్టి 25 లక్షల మందికి పైనే దరఖాస్తు పెట్టిన్రు. నువ్వు గూడ పెట్టి ఉంటవ్. అన్నీ లేఅవుట్ మంజూరు లేని ప్లాట్లే. వాటిల ఇండ్లు కట్టుకున్నోళ్లు ఎందరో నీకు నేను చెప్పాల్నా? 2021 జులైల రిజిస్ట్రేషన్ ఖర్చు ఆరు నుంచి ఏడున్నర శాతం జేసిన్రు, 2022ల మార్కెట్ విలువ మళ్ల పెంచిన్రు. నా షెడ్డు ముంగట లైను తగ్గలే. ఏడున్నర కట్టేటోడు దాన్ని గూడ కలిపి రేపటోని దగ్గర వసూలు జేస్తడు.

సర్కారు ఇచ్చే ఇండ్లు గూడ గిదే తొవ్వల పోతయి. కొల్లూరుల 15,660 డబుల్ బెడ్రూం ఇండ్లు కట్టిన్రు, ఒక్కొక్కటి 560 ఫీట్లు, 2023 జూన్ల ప్రారంభం జేసిన్రు. అమ్మరాదు. అయినా "నోటరీ మీద రాసియ్యి పెద్దన్నా" అని నా దగ్గరికి వచ్చినోళ్లు ఉన్నరు. రాయలే. అసైన్డ్ భూములు అమ్మరాదని 77ల చట్టం జేస్తే ఏమైందో చూసినోణ్ణి.

ఇగ నీ సంగతి. ప్లాటు ఇప్పుడు ఎంత పలుకుతది?

---

బాచుపల్లి_అద్దెకాపు:

పెద్దన్నా, దొరికిపోయాను. అప్పుడు గజం 4,500కి కొన్నాం, 200 గజాలు, 9 లక్షలు. ఇప్పుడు 14 వేలు అంటున్నారు. అంటే 28. ఎల్‌ఆర్‌ఎస్ పెట్టాం, ఫీజు ఇంకా కట్టలేదు. అమ్మ తన గాజులు అమ్మి సగం ఇచ్చింది దానికి. పాప పెళ్లికి అని. అది అమ్మమంటే ఆవిడ అన్నం మానేస్తుంది.

---

దస్తావేజు_పెద్దన్న:

తొమ్మిది 28 అయితే సంబురపడ్డవ్, ఫ్లాటు 79 అయితే మోసం అంటున్నవ్. నిన్ను తక్కువ జేసి అంటలేను తమ్మీ, రెండూ ఒక్కటే పెరుగుడు అంటున్న.

లెక్క సూడు. చౌటుప్పల్ ప్లాటు అమ్మితే ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు, ఏజెంటు పోను 24 దాకా చేతికొస్తది. 62 లక్షల అప్పు 38కి దిగుతది. నెలకు 33 వేలు. ఇప్పుడు నువ్వు కట్టే అద్దెకు ఇంకో 13, 14 వేలు ఎక్కువ, గంతే. గది మీ ఇద్దరి జీతాలకు మోయరాని బరువు గాదు. ప్లాటు మీద లాభానికి పన్ను కట్టుడు గూడ తప్పుతది. నీకు ఇంకో ఇల్లు లేదు గద, అమ్మిన పైసలన్ని ఇల్లు కొనెతందుకు పెడితే ఆదాయపు పన్నుల మినహాయింపు ఉన్నది. సీఏకు చెప్పి చేయించు, నా మాట మీద చేయకు.

అమ్మకు చెప్పు, గాజులు చౌటుప్పల్ల తుమ్మల నడుమ ఉన్నయి, మనుమరాలు ఉండే ఇంట్లకు తెద్దామని. వింటదో లేదో నీ అదృష్టం. వినకపోతే అద్దెలనే ఉండు, 53,800 జోలికి పోకు. అప్పు కట్టలేక ఫ్లాటు అమ్ముకునేటోళ్ల కాగితాలు గూడ నేనే రాస్త.

రేట్లు తగ్గుతయా అని అడిగినవ్. తగ్గాలని నిజంగ ఎవలు కోరుతున్నరో చెప్పు. సర్కారు కోరదు, బిల్డర్ సారు కోరడు, మీ అమ్మ కోరదు.

---

బాచుపల్లి_అద్దెకాపు:

ఆదివారం సూర్యాపేట వెళ్తున్నాను. అమ్మతో మాట్లాడి చూస్తాను. ఆలోపు ఫ్లాట్ కాగితాల్లో ఏం చూడాలో చెప్పండి పెద్దన్నా. బామ్మర్ది మాత్రం "జీపీఏ, అంటే బావ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం నా దగ్గరుంది, సంతకం నేనే పెడతా" అంటున్నాడు.

---

దస్తావేజు_పెద్దన్న:

ఆ జీపీఏ అసలుది చూపియ్యమను, జిరాక్స్ వద్దు. అమెరికాల రాసి పంపింది అయితే, మన దేశానికి వచ్చిన మూడు నెలల లోపు ఈడ స్టాంపు వేయించి ఉండాలె. అండ్ల అమ్మే అధికారం రాసి ఉన్నదా, అద్దె వసూలు జేసే అధికారమే ఉన్నదా చదువు. చానా మంది ఈ లైను చదవరు. ఓనరుతోని వీడియో కాల్ల నువ్వే మాట్లాడు, రేటు ఆయన నోట విను. పైసలు ఆయన బ్యాంకు ఖాతాలకే పోవాలె, బామ్మర్ది ఖాతాలకు ఒక్క రూపాయి గూడ వద్దు.

లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) స్థలం ఆసామి కాడికెల్లి తీసుకో. ఈసీ, అంటే ఆస్తి మీద అమ్మకాలు, అప్పుల చిట్టా, ముప్పై ఏండ్లది తీయించు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగ్ల ఉండొచ్చని సర్కారు ఇచ్చే కాగితం) అడుగు. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ల ఈ ఫ్లాటు నంబరు ఎవల వాటాల పడ్డదో చూడు. అసోసియేషన్ నుంచి బాకీ లేదని కాగితం తీసుకో, ఎట్లాగు లెక్కలు నీ దగ్గరనే ఉన్నయి గద, ట్యాంకర్ పైసలు గూడ అండ్ల రాయి.

డాక్యుమెంట్ నంబర్లు, ఆధార్ గిట్ల ఈడ పెట్టకు.